సద్దాం హుసేన్‌ను ఉరి తీసినప్పుడు కొందరు ఎందుకు బాధపడ్డారు? అంత క్రూరుడి మీద జాలి ఎలా కలిగింది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ఇరాక్‌ను ఏలిన సద్దాం హుసేన్ తన దేశంలో వేలాది మందిని చంపించాడు. 2003లో అమెరికా సైన్యం ఇరాక్‌లోకి దిగి అతన్ని గద్దె దించింది. 2006 డిసెంబర్ 30న అతన్ని ఉరి తీశారు. అప్పుడు మీరు ఆరో తరగతి చదువుతున్నారు. ఆ రోజుల్లోనే ఒక పూట మీ నాన్నగారు టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోయారు, ఆ పూట అన్నం తినలేదు. ఆయనకు సద్దాం మీద అభిమానమేమీ లేదు. మరి ఎందుకలా చేశారు? ఒకచోట జనం వీధుల్లోకి వచ్చి గంతులు వేస్తుంటే ఇంకోచోట ఎందుకు ఏడ్చారు?

ముందు సూటిగా జవాబు చెబుతాను. మనిషి మీద ఉన్న కోపం వేరు, అతన్ని చంపిన తీరు చూసి కలిగే బాధ వేరు. సద్దాం ఏ పాపం ఎరుగనివాడని నమ్మి ఏడ్చినవాళ్లు తక్కువ. ఎవరు ఉరి తీశారు, ఏ కేసులో తీశారు, ఏ రోజున తీశారు, మెడకు తాడు పడుతున్నప్పుడు పక్కనున్నవాళ్లు ఏమని అరిచారు, ఇవన్నీ చూసి మనసు చివుక్కుమన్నవాళ్లే ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఉంది. ఉత్తర ఇరాక్‌లో ఉండే, వేరే భాష మాట్లాడే జనం కుర్దులు. అతని చేతిలో అందరికంటే ఘోరంగా దెబ్బతిన్న ఆ కుర్దుల్లో చాలామందికి ఆ ఉరి తృప్తినివ్వలేదు. నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే దొరుకుతుంది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

నేను ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం అంతర్జాతీయ పేజీ చూశాను. సొంతూరు రాజంపేట దగ్గర. మా వైపు ఏ వీధికి వెళ్లినా కువైట్ పోయి వచ్చినవాళ్లు కనిపిస్తారు. అందుకే ఇరాక్ వార్త నాకెప్పుడూ ఎక్కడో దూరదేశపు వార్తలా అనిపించలేదు.

ఉరి జరిగింది బాగ్దాద్ టైము ప్రకారం ఉదయం 6 గంటల ప్రాంతంలో. మనకు ఎనిమిదిన్నర. ఆ రోజు శనివారం. పొద్దుటి పేపరు అప్పటికే ఇళ్లకు చేరిపోయింది, మేము రాయాల్సింది ఆదివారం పేపరుకు. కాబట్టి ఆ పగలంతా టీవీ చూడటం, ఏజెన్సీ వార్తలు చదవడం, పాఠకుల ఫోన్లు ఎత్తడం. ఇరాక్ ప్రభుత్వ టీవీ ఒక చిన్న వీడియో చూపించింది. అందులో శబ్దం లేదు. ముసుగులు వేసుకున్న తలారులు అతని మెడ చుట్టూ నల్లగుడ్డ చుడతారు, దాని మీద తాడు వేస్తారు. అక్కడితో అయిపోతుంది. చూసినవాళ్లకు అంతా ఒక పద్ధతి ప్రకారం జరిగిందనే అనిపిస్తుంది.

ఆ రోజు ఫోన్ చేసినవాళ్లలో చాలామంది 'పీడ వదిలింది' అన్నారు. కొందరు 'అమెరికా అనుకున్నది చేసింది' అని కోప్పడ్డారు. తాడు వేసిన ఫొటో మొదటి పేజీలో వేయొద్దు, పిల్లలు చూస్తారు అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. డెస్కులో మా మధ్య కూడా ఆ ఫొటో మీద పెద్ద వాదనే నడిచింది. చివరికి లోపలి పేజీలో చిన్నగా వేశాం.

ఒక రోజు తిరగకుండానే రెండో వీడియో బయటకు వచ్చింది. ఉరికంబం కింద నిలబడ్డవాళ్లలో ఎవరో ఫోన్‌లో తీసింది. బొమ్మ సరిగా లేదు, ఊగిపోతూ ఉంటుంది, కానీ శబ్దం ఉంది. 'ముక్తదా, ముక్తదా, ముక్తదా' అని ఒక షియా నాయకుడి పేరు అరుస్తారు. సద్దాం ఆ పేరునే ఎగతాళిగా పలికి, ఇదేనా మీ మగతనం అని అడుగుతాడు. నరకానికి పో అని ఒక గొంతు. ఆపండి, ఈ మనిషి ఉరికంబం మీద నిలబడి ఉన్నాడు అని ఇంకో గొంతు బతిమాలుతుంది. ఆ గొంతు ప్రాసిక్యూటర్ మున్ఖిత్ అల్ ఫరూన్‌దని తర్వాత తెలిసింది. సద్దాం షహాదా, అంటే ముస్లింలు దేవుడి మీద విశ్వాసం చెప్పుకునే వాక్యం, ఒకసారి పూర్తిగా చదివి, రెండోసారి చదువుతూ ఉండగానే కాళ్ల కింద తలుపు తెరుచుకుంటుంది.

జనవరి మొదటి వారంలో వచ్చిన ఫోన్ల తీరే మారిపోయింది. ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు మాకు తరచూ ఉత్తరాలు రాసేవారు. 30వ తేదీన ఫోన్ చేసి, న్యాయం జరిగింది, సంపాదకీయంలో గట్టిగా రాయండి అన్నారు. మూడు రోజుల తర్వాత మళ్లీ చేశారు. 'మొన్న నేను చెప్పింది వెనక్కి తీసుకోవడం లేదయ్యా. కానీ చివరి నిమిషంలో దేవుడి పేరు కూడా చెప్పుకోనివ్వరా?' అన్నారు. ఆయన మనసు మార్చుకోలేదు. మొదటి మాట సద్దాం గురించి, రెండో మాట ఆ గదిలో ఉన్నవాళ్ల గురించి. రెండూ మనస్ఫూర్తిగా అన్నవే. మీ నాన్నగారి విషయంలో కూడా ఇలాంటిదే జరిగి ఉంటుందని నా అనుమానం.

అయితే ఆ అరిచినవాళ్లు ఎవరో కూడా తెలుసుకోవాలి. ఈ భాగం మన దగ్గర చాలామంది వదిలేస్తారు. ముక్తదా అంటే షియా నాయకుడు ముక్తదా అల్ సదర్. ఆయన తండ్రిని, ఇద్దరు అన్నదమ్ములను 1999లో కాల్చి చంపారు. అదే వంశానికి చెందిన మతపెద్ద మహమ్మద్ బాకిర్ అల్ సదర్‌ను, ఆయన చెల్లెలిని 1980లో సద్దాం ప్రభుత్వమే చంపించింది. ఆ వీడియోలో బాకిర్ అల్ సదర్ పేరు కూడా వినిపిస్తుంది. ఉరి తీసిన చోటు బాగ్దాద్‌లోని కాజిమియా ప్రాంతంలో ఉంది. సద్దాం కాలంలో అది సైనిక గూఢచారి విభాగం వాడుకున్న భవనం. అంతకుముందు ఎంతమందినో చంపిన చోటే అతన్ని కూడా చంపారు. 1991 మార్చిలో దక్షిణాదిన షియాలు తిరగబడితే సైన్యం ఎలా అణిచిందో 2003 మే నెలలో హిల్లా దగ్గర మహావిల్‌లో సామూహిక సమాధులు తవ్వినప్పుడు లోకం చూసింది. ప్లాస్టిక్ సంచుల్లో ఎముకలు, వాటి పక్కన కూర్చుని గుర్తింపు కార్డుల కోసం వెతుకుతున్న తల్లులు. ఆ ఫొటోలు నేనే పేజీలో పెట్టాను. కాబట్టి షియాలు ఎక్కువగా ఉండే సదర్ సిటీలో, నజఫ్‌లో జనం గాల్లోకి కాల్పులు జరిపి సంబరం చేసుకున్నారంటే నేను వాళ్లను తప్పు పట్టలేను. ఆ సంబరం వెనక ఇరవై, ముప్పై ఏళ్ల ఏడుపు ఉంది.

కానీ ఆ ఏడుపును ప్రభుత్వం ఉరికంబం దగ్గరకు తెచ్చింది. నా అభిప్రాయంలో తప్పు అక్కడ జరిగింది. కోర్టు వేసిన శిక్షను అమలు చేస్తున్న గదిలో ఒక వర్గం నాయకుడి పేరు వినిపించిన క్షణం నుంచి, సద్దాం సొంత వర్గమైన సున్నీలకు అది ఇరాక్ వేసిన శిక్షలా కనపడలేదు. షియాలు తీర్చుకున్న పగలా కనపడింది. సున్నీలందరూ సద్దాంను ప్రేమించారా అంటే లేదు. అతనంటే భయపడి బతికిన సున్నీలు లక్షల్లో ఉన్నారు. కానీ 2006 అంటే ఎలాంటి ఏడాదో చూడండి. ఫిబ్రవరిలో సమర్రాలో షియాల పవిత్ర మందిరం గుమ్మటాన్ని పేల్చేశారు. ఆ తర్వాత ఏడాదంతా రెండు వర్గాల మధ్య చంపుకోవడమే. ఆ ఒక్క ఏడాదిలో 34 వేలకు పైగా పౌరులు చనిపోయారని ఐక్యరాజ్యసమితి లెక్క. ఉరి జరిగిన రోజు కూడా కూఫాలో, బాగ్దాద్‌లో బాంబులు పేలి పదుల సంఖ్యలో పోయారు. అలాంటి సమయంలో ఆ వీడియో చూసిన సున్నీకి రేపు మా వంతు అని అనిపించింది. అతను ఏడ్చింది తన గురించి.

ఇక రోజు సంగతి. ఆ డిసెంబర్ 30 సున్నీలకు బక్రీద్. ఇరాక్‌లో షియాలకు పండగ మరుసటి రోజు. పండగ రోజుల్లో మరణశిక్ష అమలు చేయకూడదని ఇరాక్ చట్టంలోనే ఉంది. అప్పీలు కొట్టేసింది డిసెంబర్ 26న. నాలుగు రోజుల్లో అంతా ముగించేశారు. ఉత్తర్వు మీద ప్రధాని నూరీ అల్ మాలికీ సంతకం పెట్టారు. అధ్యక్షుడు జలాల్ తలబానీ పెట్టలేదు. తలబానీ కుర్దు నాయకుడు, జీవితమంతా సద్దాంతో పోరాడిన మనిషి. కానీ మరణశిక్షలు వద్దని గతంలో ఒక విజ్ఞప్తి మీద సంతకం చేశానని, ఆ మాట తప్పలేనని చెప్పారు. సద్దాం సైన్యం వేసిన విషవాయువుతో చచ్చిన కుర్దు జనానికి నాయకుడై ఉండి ఆ మాట మీద నిలబడటం మామూలు విషయం కాదు. మిశ్రమ భావాలు అంటే అర్థం కాదని మీరు రాశారు కదా, వీలైతే తలబానీ గురించి చదవండి.

ఇప్పుడు కుర్దుల సంగతి. సద్దాంకు ఉరిశిక్ష పడింది ఏ కేసులో? మన దగ్గర వందమందిని అడిగితే తొంభైమంది కువైట్ అనో, విషవాయువు అనో చెబుతారు. రెండూ కాదు. దుజైల్ కేసులో. 1982 జూలైలో దుజైల్ అనే ఊళ్లో సద్దాం కాన్వాయ్ మీద కాల్పులు జరిగాయి. అతనికి ఏమీ కాలేదు. కానీ ఆ ఊళ్లో వందల కుటుంబాలను పట్టుకెళ్లారు, తోటలు నరికేశారు, చివరికి 148 మందికి మరణశిక్ష వేశారు. వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. ఆ ఉత్తర్వు మీద సద్దాం సంతకం దొరికింది. సాక్ష్యం గట్టిగా ఉంది, కేసు చిన్నది, త్వరగా తేలుతుంది. అందుకే దాన్ని ముందు పెట్టారు.

1988లో అన్ఫాల్ అనే పేరుతో సద్దాం సైన్యం కుర్దుల మీద జరిపిన దాడులతో పోలిస్తే ఇది ఎంత? అన్ఫాల్‌లో తక్కువలో తక్కువ 50 వేలమంది, లక్ష దాకా కూడా పోయి ఉండొచ్చని మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ అంచనా. కుర్దులు 1,82,000 అంటారు. అదే ఏడాది మార్చి 16న హలబ్జా పట్టణం మీద విషవాయువు బాంబులు వేస్తే ఒక్క రోజులో 5 వేలమంది దాకా చనిపోయారు. అన్ఫాల్ కేసు విచారణ 2006 ఆగస్టు 21న మొదలైంది. ఊళ్ల నుంచి ముసలివాళ్లు, ఆడవాళ్లు వచ్చి సద్దాం ఎదురుగా నిలబడి మా పిల్లలు ఏరి అని అడుగుతున్నారు. అది నడుస్తూ ఉండగానే అతన్ని దుజైల్ కేసులో ఉరి తీసేశారు.

2007 జనవరి 8న అన్ఫాల్ కోర్టు మళ్లీ కూర్చుంది. సద్దాం కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది. చనిపోయాడు కాబట్టి అతని మీద అభియోగాలు కొట్టేశారు. అదే రోజు ప్రాసిక్యూషన్ కొన్ని పాత టేపులు వినిపించింది. రసాయన ఆయుధాలు వాడితే వేలమంది చస్తారని సద్దాం గొంతు చెబుతోంది. అన్నేళ్లుగా కుర్దులు ఎదురుచూసిన సాక్ష్యం అది. ఆ గొంతు వినపడే సమయానికి ఆ మనిషి లేడు. 'ఇది నీ గొంతేనా?' అని అడగడానికి వీల్లేదు. పది రోజులు ముందు వినిపించి ఉంటే అతను ముఖం ఎలా పెట్టేవాడో, ఏం చెప్పేవాడో ఇక ఎవరికీ తెలియదు.

ఆ వార్త రాస్తున్నప్పుడు నా చేతులు ఆడలేదు. దానికి నా సొంత కారణం ఒకటి ఉంది. 1988 మార్చిలో నేను కొత్తగా చేరిన సబ్ ఎడిటర్‌ని. హలబ్జా వార్త నా టేబుల్ మీదికి వచ్చింది. అప్పటికి ఇరాన్-ఇరాక్ యుద్ధం ఎనిమిదో ఏడాదిలో ఉంది, రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉండేది. నేను దాన్ని లోపలి పేజీలో నాలుగు లైన్లకు కుదించాను. ఐదు వేల ప్రాణాలు, నాలుగు లైన్లు. ఆ తప్పు నేను మరిచిపోలేదు. సద్దాం ఉరికి మన జనం బాధపడినప్పుడు, వాళ్లకు హలబ్జా పేరే తెలియకపోవడంలో మాలాంటివాళ్ల వాటా కూడా ఉంది.

చాలామంది కుర్దుల బాధ ఇదే. శిక్ష పడింది, కానీ మా లెక్క తేలకుండా పడింది. ఇంకో అనుమానం కూడా అప్పట్లో బలంగా వినపడింది. పెద్ద కేసులు నడిస్తే సద్దాంకు ఎవరెవరు సాయం చేశారో కోర్టులో బయటపడేది. 1983 డిసెంబర్‌లో అమెరికా దూతగా డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ బాగ్దాద్ వచ్చి సద్దాంతో చేయి కలిపిన ఫొటో అందరూ చూసిందే. విషవాయువు తయారీకి రసాయనాలు అమ్మిన ఒక డచ్ వ్యాపారికి 2005 డిసెంబర్‌లో హేగ్ కోర్టు 15 ఏళ్ల జైలు వేసింది, అప్పీలులో అది 17 ఏళ్లయింది. ఆ నిజాలు దాచడానికే తొందరపడి ఉరి తీశారని నేను అనను. కానీ ఉరి తర్వాత సద్దాంను ఆ ప్రశ్నలు అడిగే అవకాశం పోయిందన్నది మాత్రం నిజం.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. సద్దాం బంధువు అలీ హసన్ అల్ మజీద్‌ను కెమికల్ అలీ అనేవారు. హలబ్జా కేసులోనే అతనికి 2010 జనవరి 17న మరణశిక్ష పడింది, అదే నెల 25న ఉరి తీశారు. తీర్పు చెప్పినప్పుడు కోర్టులో ఉన్న హలబ్జా కుటుంబాలు చప్పట్లు కొట్టాయి. మూడేళ్ల ముందు ముభావంగా ఉండిపోయిన జనమే. ఈసారి తీర్పులో వాళ్ల ఊరి పేరు ఉంది.

కోర్టు మీద కూడా ఒక మాట. దుజైల్ విచారణ జరుగుతుండగా డిఫెన్స్ లాయర్లు ముగ్గురిని చంపేశారు. మొదటి ప్రధాన న్యాయమూర్తి ఒత్తిళ్లు తట్టుకోలేక తప్పుకున్నారు. తర్వాత వచ్చిన న్యాయమూర్తిది హలబ్జా. అన్ఫాల్ సాక్ష్యాలను ఏళ్ల తరబడి పోగుచేసిన హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థే ఈ విచారణ సరిగా జరగలేదని నివేదిక ఇచ్చింది, ఉరి వద్దంది. సద్దాం నేరాలను అందరికంటే బాగా తెలిసినవాళ్లు ఆ మాట అన్నారంటే, వాళ్లకు అతని మీద జాలి అని చెప్పలేం కదా. ఎంత దుర్మార్గుడినైనా చంపకూడదని నమ్మేవాళ్లు వేరు. వాటికన్, యూరోపియన్ యూనియన్ ఆ మాటే అన్నాయి.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను, ఎందుకంటే నాకు ఈ విషయం బాగా అర్థమైంది మా మేనమామ వల్ల. ఆయన కువైట్‌లో సాల్మియాలో ఒక సేటు ఇంట్లో వంటమనిషి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. కొన్ని వారాల తర్వాత సైనికులు ఆ ఇంటి పెద్దకొడుకుని పట్టుకెళ్లారు. ఆ అబ్బాయి మళ్లీ రాలేదు. అలా పట్టుకెళ్లాక ఏమయ్యారో కువైట్ వాళ్లు తేల్చుకోలేకపోయిన 605 మంది లెక్కలో అతనూ ఒకడు. మా మామ బస్సులో బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు, ఎడారిలో గుడారాల్లో కొన్ని రోజులు, చివరికి అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చాడు. అప్పట్లో లక్షన్నరకు పైగా భారతీయులు అలాగే వచ్చారు. కడప, గోదావరి జిల్లాల్లో ఆ ప్రయాణం గుర్తున్నవాళ్లు ఇప్పటికీ వేలమంది ఉంటారు. దాచుకున్న దినార్లు చెల్లని కాగితాలయ్యాయి. ఇంటికొచ్చిన రోజు మామ చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఒక లుంగీ, పాస్‌పోర్టు. అంతే.

ఆ తర్వాత పదహారేళ్లు ఆయన సద్దాంను తిట్టని రోజు లేదు. 1991లో మన దగ్గర కుర్రాళ్లు సద్దాం పోస్టర్లు అంటిస్తే, పుట్టిన పిల్లలకు ఆ పేరు పెడుతుంటే, ఆయన వీధిలో నిలబడి పోట్లాడేవాడు. 1990ల చివర్లో ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ నుంచి ఆయనకు 2,500 డాలర్లు వచ్చాయి. అప్పటికి లక్ష రూపాయలకు అటూ ఇటూ. ఆ డబ్బుతో ఇంటికి స్లాబు వేశాడు.

ఉరి రోజు నేను ఆఫీసు నుంచి ఫోన్ చేశాను, సంతోషిస్తాడనుకుని. 'చూసినా' అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. 'ఆ ఇంట్లో ప్రతి బక్రీదుకి తెల్లారకముందే లేసి నేనే వండేటోణ్ని. పండగ పొద్దున పూట ఎవురన్నా మనిషిని ఉరేస్తారంట్రా?' అన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ తనే, 'అయినా వాణ్ని సంపితే ఆ పిల్లోడు యాడున్నాడో ఎవురు సెప్తారు?' అన్నాడు.

ఈ రెండు మాటలూ నా మనసులో ఉండిపోయాయి. మొదటిది మామూలు మనిషి మర్యాద. రెండోది నష్టపోయినవాడి లెక్క. కువైట్‌లో ఆ 605 కుటుంబాల్లో చాలామంది అడిగింది కూడా రెండోదే. వాళ్లలో చాలామంది అవశేషాలు 2003 తర్వాత ఇరాక్ సామూహిక సమాధుల్లో బయటపడ్డాయి. 2019లో కూడా సమావా దగ్గర ఎడారిలో కొన్ని దొరికాయి. అంటే ఉరి తర్వాత పదమూడేళ్లకు కూడా కొన్ని ఇళ్లలో ఎదురుచూపు ఉంది.

మామకు ఆ పరిహారం డబ్బు గురించి కూడా తర్వాత నేనే చెప్పాను. ఇరాక్ చమురు ఆదాయంలో కోత పెట్టి కట్టించిన డబ్బు అది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు, ఆఖరి కంతు 2022లో తీరింది. ఉరి తర్వాత కూడా పదిహేనేళ్లు ఇరాక్ ప్రజలే కడుతూ వచ్చారు. 'వాడు సేసిందానికి ఆ జనం కట్టినారా?' అని మామ చాలా నొచ్చుకున్నాడు. స్లాబు వైపు చూసి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక మన తెలుగువాళ్లలో, మొత్తంగా మన దేశంలో కనపడిన బాధ వేరే రకం. దానిలో సద్దాం కంటే అమెరికా ఎక్కువ ఉంది. ఇరాక్ మనకు చమురు ఇచ్చిన దేశం, కశ్మీర్ విషయంలో మన వైపు మాట్లాడిన దేశం. సద్దాం 1974లో మన దేశానికి వచ్చాడు, మరుసటి ఏడాది ఇందిరా గాంధీ ఇరాక్ వెళ్లారు. ఇరాక్‌లో రోడ్లు, వంతెనలు, కాలనీలు కట్టిన మన ఇంజనీర్లు, కూలీలు ఎందరో ఉన్నారు. వాళ్లు చూసిన బాగ్దాద్‌లో ఆడపిల్లలు కాలేజీలకు వెళ్లేవాళ్లు, ఆస్పత్రుల్లో డబ్బు తీసుకునేవాళ్లు కాదు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. వాళ్లకు కనపడని జైళ్లు ఉన్నదీ అబద్ధం కాదు. దానికితోడు 2003లో అమెరికా చెప్పిన సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకనే లేదు. దొంగ సాకుతో దేశంలోకి దిగినవాడు ఇంటాయనను పట్టి ఉరి తీయించాడని జనం అనుకున్నారు. అప్పటి మన విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ కూడా ఉరి జరగకూడదని ఆశించామని, జరిగినందుకు నిరాశ చెందామని ప్రకటన చేశారు. వామపక్షాలు నిరసన ప్రదర్శనలు చేశాయి.

ఇక్కడ నేను ఒక జాగ్రత్త చెప్పాలి. అమెరికా మీద కోపం సరైనదే కావచ్చు, కానీ ఆ కోపంలో సద్దాంను వీరుణ్ని చేయడం హలబ్జాలో చచ్చిపోయినవాళ్లకు అన్యాయం. తలెత్తుకుని ఉరికంబం ఎక్కాడు, ముసుగు వద్దన్నాడు అని చాలామంది మెచ్చుకున్నారు. అది నిజమే, ధైర్యంగానే చచ్చాడు. దుజైల్ కుర్రాళ్లకు అలాంటి అవకాశం కూడా రాలేదు. వాళ్లు ఎలా చనిపోయారో తీసిన వీడియో లేదు, అందుకని వాళ్ల గురించి మాట్లాడేవాళ్లూ తక్కువ.

ఇంకో జాగ్రత్త. టీవీలో చూసిన గుంపును బట్టి ఒక దేశం మనసు ఇలా ఉందని తేల్చేయకండి. చప్పుడు ఉన్నచోటికే కెమెరా వెళ్తుంది. డాన్సులు చేసినవాళ్లు కనపడ్డారు, ఛాతీ బాదుకున్నవాళ్లు కనపడ్డారు. తలుపు వేసుకుని ఇంట్లో కూర్చున్న లక్షలమంది ఏ ఛానెల్‌లోనూ రాలేదు.

కాలం గడిచేకొద్దీ ఈ భావాలు మారతాయి కూడా. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ ఫిర్దోస్ కూడలిలో సద్దాం విగ్రహాన్ని పెద్ద సుత్తితో కొట్టిన ఒక బైకు మెకానిక్ ఉన్నాడు. సద్దాం ప్రభుత్వం అతని బంధువులను చాలామందిని చంపింది, అతన్ని జైల్లో పెట్టింది. చాలా ఏళ్ల తర్వాత అతను ఇంటర్వ్యూల్లో, వీలైతే ఆ విగ్రహాన్ని మళ్లీ నిలబెడతానన్నాడు. ఒక సద్దాం పోతే వెయ్యిమంది సద్దాంలు వచ్చారని వాపోయాడు. అతనికి సద్దాం మీద ప్రేమ పుట్టుకొచ్చిందని నేను అనుకోను. వాడు పోతే బాగుపడతాం అనుకున్నది జరగలేదు, ఆ నిరాశ అలా మాట్లాడించింది. రుమేనియాలో కూడా ఇలాంటిదే చూశాను. 1989 డిసెంబర్ 25న చౌషెస్కు దంపతులను గంటసేపు విచారణ జరిపి కాల్చేశారు, శవాలను టీవీలో చూపించారు. అప్పుడు జనం సంబరపడ్డారు. కొద్ది రోజులకే ఆ దేశం మరణశిక్షనే రద్దు చేసింది. ఆ గంట విచారణ గురించి అక్కడ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మీ నాన్నగారి విషయం. ఆయన్ని అడగడానికి మొహమాటంగా ఉందన్నారు. సద్దాం అంటే మీకు ఇష్టమా అని మాత్రం మొదలుపెట్టకండి, ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు ఉండదు. ఆ రోజుల్లో మీరు చూసింది ప్రభుత్వ టీవీ వేసిన వీడియోనా, తర్వాత వచ్చిన ఫోన్ వీడియోనా అని అడగండి. మీ బంధువుల్లో 1990లో కువైట్ నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కూడా అడగండి. ఆయన చెప్పింది వీలైతే ఇక్కడ రాయండి. నేను రోజూ రాత్రి తొమ్మిది తర్వాత చూస్తుంటాను.